ఫొటోలో మిగిలిపోయిన ఆర్మీ తాతయ్య: ఆయన వివరాలు ఎలా వెతకాలి

"మా తాతగారి తమ్ముడు మిలిటరీలో ఆఫీసరట. పెళ్ళి కాకముందే పోయాడట. హాల్లో ఒక ఫొటో ఉంది, అంతకుమించి ఎవరికీ ఏమీ తెలీదు. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?"

చెన్నైలో మనవాళ్ళ పెళ్ళిళ్ళకు వెళ్తే భోజనాల దగ్గర ఎవరో ఒకరు నన్ను ఈ ప్రశ్న అడక్కుండా వదలరు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక అయిపోయి ఒకచోట రాసి పెడుతున్నాను. నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాను. మా అమ్మమ్మ తమ్ముడి గురించి వెతుకుతూ రెండున్నరేళ్ళు తిప్పలు పడ్డాను. ఆ తిప్పల్లో నేర్చుకున్నదే ఇదంతా.

ఒక మాట ముందే చెప్తాను. అందరూ చావు దగ్గర మొదలుపెడతారు: ఏ యుద్ధం, ఏ ఊరు, ఎలా పోయాడు అని. నేనూ అలాగే చేసి ఏడాది పోగొట్టుకున్నాను. మీరు ఆయన ఆఫీసరుగా చేరిన రోజు దగ్గర మొదలుపెట్టండి. ఆ రోజు ప్రభుత్వ గెజిట్‌లో అచ్చయి ఉంటుంది, పేరు పక్కనే ఆయన నంబరు ఉంటుంది. ఆ నంబరు చేతికొస్తే మిగతా తలుపులు వాటంతట అవే తెరుచుకుంటాయి.

కావలసినవి

- ఒక పొడుగు నోటుబుక్కు. విన్నదంతా ఎడమ పేజీలో, కాగితం మీద చూసింది మాత్రమే కుడి పేజీలో రాయండి. ఈ రెండూ కలిపేస్తే ఆర్నెల్ల తర్వాత ఏది ఎవరు చెప్పారో మీకే గుర్తుండదు.
- భూతద్దం, ఒక మెత్తటి గుడ్డ, మంచి కెమెరా ఉన్న ఫోను.
- ఆయనకూ మీకూ చుట్టరికం చూపించే కాగితాలు. ఆర్మీ ఆఫీసులకు రాసేటప్పుడు అడుగుతారు.
- పాత పంచాంగం, లేదా పాత తేదీలకు తిథులు చూపించే వెబ్‌సైటు. ఎందుకో ఇప్పుడే చెప్తాను.

1. ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి, కానీ సరైన ప్రశ్నలు

"ఏ రెజిమెంటు?" అని అడక్కండి. వాళ్ళకు తెలీదు. తెలీకపోయినా మన మొహం చూసి ఏదో ఒకటి చెప్తారు. మద్రాసు కుర్రాడు కాబట్టి "మద్రాస్ రెజిమెంటే అయ్యుంటుంది" అంటారు. ఆఫీసర్లకు భాషతో పనిలేదు, ఏ రెజిమెంటుకైనా వేస్తారు. గల్వాన్‌లో 2020లో అమరుడైన కల్నల్ సంతోష్ బాబుది సూర్యాపేట, ఆయన నడిపింది 16 బిహార్ బెటాలియన్‌ను. శ్రీలంకలో 1987లో పరమవీరచక్ర పొందిన మేజర్ రామస్వామి పరమేశ్వరన్ తమిళుడు, ఇక్కడి పరంగిమలై (సెయింట్ థామస్ మౌంట్) దగ్గరి ఓటీఎస్, అంటే ఆఫీసర్స్ ట్రైనింగ్ స్కూల్లోనే తయారైనవాడు, ఆయనది మహర్ రెజిమెంటు.

వాళ్ళు కళ్ళారా చూసినవి అడగండి. సెలవుకు వస్తే ఏ రైల్లో దిగేవాడు? ట్రంకు పెట్టె మూత మీద తెల్ల రంగుతో ఏం రాసి ఉండేది? ఆయనకు ఉత్తరం రాస్తే కవరు మీద ఏం రాసేవారు? టెలిగ్రామ్ వచ్చిన రోజు ఇంట్లో ఎవరెవరున్నారు? ఆబ్దికం ఏ తిథిన పెట్టేవారు?

ఈ చివరి ప్రశ్న బంగారం. మన ఇళ్ళలో తేదీ మర్చిపోతారు గానీ తిథి మర్చిపోరు.

మా ఇంట్లో అందరిదీ ఒకే మాట: "చైనా యుద్ధంలో పోయాడు." కానీ పెద్ద తాతయ్య ఆబ్దికాల చిట్టా రాసుకున్న పుస్తకంలో "విశ్వావసు, భాద్రపద బహుళ షష్ఠి" అని ఉంది. మొన్న 2025 ఉగాదికి వచ్చింది విశ్వావసు నామ సంవత్సరం. అరవయ్యేళ్ళు వెనక్కి వెళ్తే 1965. చైనా యుద్ధం జరిగిన 1962 శుభకృతు. అంటే యుద్ధమే వేరు! 1965లో భాద్రపద బహుళ షష్ఠి సెప్టెంబరు మధ్యలో పడింది. పాకిస్తాన్‌తో పోరు నడుస్తున్న రోజులవి. కాల్పుల విరమణ 23న గానీ రాలేదు.

జాగ్రత్త: ఆ తిథి ఆయన పోయిన రోజుది కాకుండా ఇంటికి కబురు అందిన రోజుది కావచ్చు. అటూ ఇటూ పది పదిహేను రోజులు వదిలిపెట్టి చూడండి.

2. ఫొటో చదవండి

భుజం మీద ఒక నక్షత్రం ఉంటే సెకండ్ లెఫ్టినెంట్, రెండుంటే లెఫ్టినెంట్, మూడుంటే కెప్టెన్. ఒంటరిగా సింహాల చిహ్నం ఉంటే మేజర్. దాని స్థానంలో కిరీటం కనిపిస్తే ఆ ఫొటో 1950 జనవరికి ముందుది. టోపీ మీది బ్యాడ్జి, కాలరు మీది చిన్న బ్యాడ్జీలు విడివిడిగా ఫొటో తీసి పెద్దవి చేసి చూడండి. పాత స్టూడియోల్లో మొహం నునుపు చేయడానికి చేత్తో దిద్దేవారు, ఆ దిద్దుడులో బ్యాడ్జి గీతలు కూడా పోతుంటాయి. కాబట్టి ఒక్క బ్యాడ్జిని నమ్మి రెజిమెంటు తేల్చేయకండి.

ఫ్రేము విప్పి వెనక వైపు తప్పకుండా చూడండి. అద్దానికి అంటుకుపోయిన ఫొటో అయితే మాత్రం లాగకండి, మొహంతో సహా ఊడొస్తుంది. అద్దం మీంచే ఫొటో తీసుకుని, అసలుది తెలిసినవాళ్ళ చేతికివ్వండి.

మా ఫొటో వెనక మౌంట్ రోడ్డు స్టూడియో ముద్ర కింద పెన్సిల్‌తో "ఓటీఎస్ మద్రాస్" అని ఉంది. చైనా యుద్ధం తర్వాత ఆఫీసర్లు చాలక ఎమర్జెన్సీ కమిషన్లు (కమిషన్ అంటే ఆఫీసరుగా నియామకం) ఇవ్వడానికి పరంగిమలైలో ఆ స్కూలు పెట్టిందే 1963లో. ఇప్పటి ఓటీఏ (ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ) అదే, 1988లో పేరు మారింది. అక్కడ తయారైనవాడు 1962లో ఎలా పోతాడు? అన్నేళ్ళలో మాలో ఒక్కరికీ ఈ అనుమానం రాలేదు. సైదాపేటలో మా ఇంటికీ ఆ కొండకీ ఎంతో దూరం లేదు. ఆదివారాలు భోజనానికి వచ్చి గోంగూర పచ్చడి అంతా ఊడ్చేసి వెళ్ళేవాడని అమ్మమ్మకు అప్పుడు గుర్తొచ్చింది.

3. పతకాలు, ఉత్తరాలు, పెన్షన్ కాగితాలు

పతకాన్ని చింతపండుతో తోమకండి. బ్రాసో కూడా వద్దు. మా పిన్ని ఒక దీపావళికి కుందులతో పాటు పతకాలనూ తళతళలాడించింది. గుండ్రటి పతకం అంచు మీద సన్నటి అక్షరాల్లో నంబరు, హోదా, పేరు, దళం చెక్కి ఉంటాయి. నక్షత్రం ఆకారంలో ఉన్నదైతే వెనక వైపు చూడండి. మెత్తటి పొడి గుడ్డతో తుడిచి, పొద్దున పూట కిటికీ దగ్గర పక్క వెలుతురులో పట్టుకుని భూతద్దంతో నెమ్మదిగా తిప్పండి. నడినెత్తి మీది ట్యూబ్‌లైటు కింద ఏమీ కనిపించదు. మా పతకం అంచున మూడు అంకెలు అరిగిపోయి, "ఈసీ" అన్న రెండక్షరాలు, చివరి రెండు అంకెలు మిగిలాయి. ఆ కాస్తే తర్వాత పనికొచ్చింది.

నంబరు ముందున్న అక్షరాలకు అర్థం ఉంది. "ఐసీ" అంటే రెగ్యులర్ కమిషన్, "ఎస్ఎస్" షార్ట్ సర్వీసు, "ఈసీ" ఎమర్జెన్సీ కమిషన్, "ఎంఆర్", "ఎంఎస్" డాక్టర్లు. రెండో ప్రపంచ యుద్ధంలో ఎమర్జెన్సీ కమిషన్ పొందిన మనవాళ్ళకు "ఐఈసీ" అని కనిపిస్తుంది.

పతకం రకం చూసినా కాలం తెలుస్తుంది. సమర్ సేవా స్టార్, రక్షా మెడల్ 1965వి. పూర్వీ స్టార్, పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్ 1971వి.

ఉత్తరాల్లో "కేరాఫ్ 56 ఏపీఓ" అని చూసి ఊరి పేరు దొరికిందని సంబరపడకండి. అది ఆర్మీ తపాలాకు ఉమ్మడి చిరునామా, ఆయన ఎక్కడున్నాడో చెప్పదు. దాని పైన యూనిట్ పేరుంటుంది, అది రాసుకోండి. స్టాంపు ముద్రలో ఫీల్డ్ పోస్టాఫీసు నంబరుంటే అదీ రాసుకోండి. ఆర్మీ తపాలా ముద్రలు సేకరించేవాళ్ళను అడిగితే ఆ నంబరు ఏ ప్రాంతందో చెప్పగలరు.

పెళ్ళి కానివాడైతే పెన్షన్ తల్లికో తండ్రికో వచ్చి ఉంటుంది. అలహాబాద్ నుంచి వచ్చిన పెన్షన్ ఆర్డరు కోసం ముత్తవ్వ కాగితాల్లో వెతకండి. అందులో నంబరు, హోదా, పోయిన తేదీ ఒకేచోట దొరికే అవకాశం ఉంది. ఇంకో కాగితం గురించి చాలామందికి తెలీదు. ఆఫీసరు పోయాక ఆయన సామాను లెక్కగట్టి ఇంటికి చేర్చడానికి "కమిటీ ఆఫ్ అడ్జస్ట్‌మెంట్" అని వేస్తారు. ఆ జాబితా టైపు చేసి పంపుతారు. మాకు పంపిన జాబితా ఒక ఇన్సూరెన్సు కవర్లో మడతలు పడి దొరికింది. బూట్లు 2 జతలు, షేవింగ్ సెట్ 1, ట్రాన్సిస్టర్ 1 (పనిచేయదు), పచ్చడి జాడీ 1 (ఖాళీ). కింద సంతకం చేసిన కెప్టెన్ హోదా పక్కన యూనిట్ పేరు ఉంది. ఫిరంగి దళం. మద్రాస్ రెజిమెంటు కాదు.

4. ఆయన నిజంగా ఆఫీసరేనా?

ఇది అడిగితే ఇంట్లో కోపాలొస్తాయి, మెల్లగా అడగండి. సుబేదారునూ జమేదారునూ కూడా మనవాళ్ళు "ఆఫీసరు" అనే చెప్పుకున్నారు. గౌరవం సంగతి అలా ఉంచండి, రికార్డు ఎక్కడుందో దీన్ని బట్టే తేలుతుంది. కమిషన్డ్ ఆఫీసర్ల రికార్డులు ఢిల్లీలో ఆర్మీ హెడ్‌క్వార్టర్స్ వైపు ఉంటాయి. జేసీఓలవీ (సుబేదారు, జమేదారు లాంటివాళ్ళవి) జవాన్లవీ వాళ్ళ వాళ్ళ రెజిమెంటు రికార్డ్ ఆఫీసులో ఉంటాయి. మద్రాస్ రెజిమెంటుకు నీలగిరుల్లోని వెల్లింగ్టన్, మద్రాస్ శాపర్లకు (ఇంజనీరింగు దళం) బెంగళూరు. తప్పు చోటికి రాస్తే "మా దగ్గర లేదు" అన్న జవాబొస్తుంది, మీరేమో మనిషే లేడనుకుంటారు.

డాక్టరు కెప్టెన్లను కూడా మర్చిపోకండి. రెండో ప్రపంచ యుద్ధంలో చేరిన తెలుగు డాక్టర్లను పదాతి దళాల జాబితాల్లో వెతికితే దొరకరు. ఇండియన్ ఆర్మీ మెడికల్ కోర్ 1943 ఏప్రిల్‌లో ఏర్పడింది. దానికి ముందైతే ఇండియన్ మెడికల్ సర్వీసు జాబితాలు చూడాలి.

5. గెజిట్‌లో చేరిన రోజు పట్టుకోండి

స్వతంత్రం తర్వాత కమిషన్ పొందినవాళ్ళ పేర్లు గెజిట్ ఆఫ్ ఇండియా పార్ట్ 1, సెక్షన్ 4లో వస్తాయి. పాత సంచికల స్కాన్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చాలానే ఉన్నాయి. 1947కు ముందైతే లండన్ గెజిట్ (దీన్ని ఇంట్లో కూర్చుని ఉచితంగా వెతకొచ్చు), ఇంకా ఇండియన్ ఆర్మీ లిస్టులు. ఆ రోజుల్లో ఆఫీసర్లు తయారైంది డెహ్రాడూన్‌లో మాత్రమే అనుకోవద్దు. యుద్ధకాలంలో బెంగళూరు, బెళగావి, మౌ ఊళ్ళలో కూడా ఆఫీసర్ల ట్రైనింగ్ స్కూళ్ళు నడిచాయి.

ఇక్కడ జరిగే పొరపాట్లు మూడు.

మొదటిది తేదీ. కమిషన్ ఇచ్చిన నెల సంచికలోనే పేరు ఉంటుందని వెతుకుతారు. అచ్చు కావడానికి నెలలు పడుతుంది. ఏడాదిన్నర దాకా ముందుకు చూడండి.

రెండోది సెర్చ్ బాక్సును నమ్మడం. పాత అచ్చును కంప్యూటరు తప్పుగా చదువుతుంది. పేరు కొడితే రాలేదని వదిలేయకండి, సెక్షన్ 4 పేజీలు ఒక్కొక్కటీ తిప్పండి. విసుగే, కానీ నాకు దొరికింది అలాగే. పేరు మధ్యలో అక్షరాలు విరిగిపోయి ఉన్నాయి, ఏ సెర్చ్‌కూ తగిలేది కాదు.

మూడోది, అన్నిటికన్నా పెద్దది, మన పేర్లు. ఇంటిపేరు ముందు రాస్తాం, ఆర్మీ చివరి మాటను ఇంటిపేరు అనుకుంటుంది. కాబట్టి ఆయన "రావు" కిందో "మూర్తి" కిందో ఉంటాడు, ఇంటిపేరు ఒక్క అక్షరమై వెనక చేరుతుంది. కొన్నాళ్ళు మద్రాసులో చదివినవాళ్ళయితే తమిళుల పద్ధతిలో తండ్రి పేరు పొడి అక్షరంగా పెట్టుకుని ఉండొచ్చు. ఇంగ్లీషు స్పెల్లింగు ఇంకో తలనొప్పి. మూర్తిలో చివర హెచ్ ఉందా, ఓ ఒకటా రెండా? నాయుడుకు వై పెట్టారా ఐ పెట్టారా? రెడ్డి చివర ఐనా వైనా? చౌదరికైతే లెక్కే లేదు. ముందే అన్ని రకాలూ ఒక కాగితం మీద రాసుకుని, వెతికినదాన్ని కొట్టేసుకుంటూ పోండి.

6. స్మారకాల జాబితాలు

1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 వరకు, 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 వరకు సర్వీసులో ఉండి పోయినవాళ్ళయితే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటులో పేరు ఉండాలి. యుద్ధంలోనే పోనక్కర్లేదు, జబ్బుతో పోయినా, లారీ బోల్తా పడి పోయినా లెక్కలోకి వస్తారు. పేరుతో దొరక్కపోతే ఊరితో చూడండి, చాలా ఎంట్రీల్లో తల్లిదండ్రుల పేర్లూ ఊరూ ఉంటాయి. ఊరు ఆనాటి పేరుతో కొట్టాలి: బెజవాడ, కొకనాడ, విజగపటం, మసులిపటం.

నందంబాక్కంలోని మద్రాస్ వార్ సిమెట్రీకి వెళ్ళి సమాధి కనిపించలేదని ఒకాయన నా దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. సమాధి ఉండదండీ. మనవాళ్ళను దహనం చేశారు, లేదా దేహం దొరకలేదు. వాళ్ళ పేర్లు స్మారకాల గోడల మీద ఉంటాయి. బర్మాలో పోయినవాళ్ళలో చాలామంది పేర్లు టౌక్యాన్‌లోని రంగూన్ మెమోరియల్ మీద, మలయా వైపు అయితే సింగపూర్‌లోని క్రాంజీలో ఉంటాయి. ఢిల్లీ, కరాచీ స్మారకాల జాబితా కూడా చూడండి. సింగపూర్ 1942 ఫిబ్రవరి 15న పడిపోయాక ఖైదీ అయినవాడైతే ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరి ఉండొచ్చు. అది వేరే దారి, ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్ ఫైళ్ళు చూడాలి.

స్వతంత్రం తర్వాతైతే ఢిల్లీలోని నేషనల్ వార్ మెమోరియల్. 2019లో ప్రారంభించినప్పుడు 25,942 పేర్లు చెక్కారు. వెబ్‌సైటులోనే వెతకొచ్చు. అక్కడ పేరు లేదంటే ఆయన లేడని కాదు. యుద్ధంలోనో ఆపరేషన్‌లోనో కాక ప్రమాదంలోనో జబ్బుతోనో పోయి ఉండొచ్చు. ఇంట్లో "యుద్ధంలో" అని చెప్పుకున్నది ఇలా తేలితే వెంటనే అందరికీ ఫోన్లు చేసి చెప్పకండి. ముందు ఇంకో కాగితంతో సరిచూసుకోండి.

7. ఆర్మీకి రాయండి

ఇప్పటికి మీ దగ్గర నంబరు, పేరు, కమిషన్ తేదీ ఉన్నాయి. ఇప్పుడు రాస్తే పని జరుగుతుంది, అంతకుముందు రాస్తే జరగదు. ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం) దరఖాస్తు ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. "ఆయన గురించి మొత్తం చెప్పండి" అని రాయొద్దు. ఆరు ప్రశ్నలు చాలు: పుట్టిన తేదీ, కమిషన్ తేదీ, పనిచేసిన యూనిట్లు, పోయిన తేదీ, చోటు, బ్యాటిల్ క్యాజువాలిటీనా (పోరులో పోయాడా) ఫిజికల్ క్యాజువాలిటీనా (జబ్బుతోనో ప్రమాదంలోనో పోయాడా). చుట్టరికం కాగితాలు జతచేయండి. వ్యక్తిగత సమాచారమని తిరగ్గొడితే, ఇరవయ్యేళ్ళు దాటిన సంగతుల గురించి చట్టంలో సెక్షన్ 8(3) ఉందని గుర్తుచేస్తూ 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయండి.

నాకు మొదటిసారి "రికార్డు లేదు" అనే వచ్చింది. తప్పు నాదే, ఇంటిపేరు ముందు పెట్టి రాశాను. రెండోసారి నంబరు పైన పెట్టి, పేరు గెజిట్‌లో ఉన్నట్టే దించి పంపితే వచ్చింది.

ఆర్టీఐ కన్నా మంచి దారి ఇంకోటుంది. ఆయన బెటాలియన్ కమాండింగ్ ఆఫీసరుకు, రెజిమెంటల్ సెంటర్ కమాండెంట్‌కు మామూలు ఉత్తరం రాయండి. తమ యూనిట్‌లో ప్రాణాలు వదిలినవాడి కుటుంబం అంటే వాళ్ళకు వేరే లెక్క. యూనిట్ చరిత్ర పుస్తకంలో ఆ రోజు గురించి రెండు వాక్యాలున్నా పంపుతారు. డబ్బు, భూమి, పతకం లాంటి విషయాలు మాత్రం ఆ ఉత్తరంలో కలపకండి.

8. పత్రికలు, కాలేజీలు

తేదీ తేలాక పత్రికలు చూడండి, ముందు కాదు. ఎగ్మూరులో కన్నెమెరా లైబ్రరీ, తమిళనాడు ఆర్కైవ్స్ రెండూ దగ్గర దగ్గరే. ఆంధ్రపత్రిక 1914 నుంచి మద్రాసులోనే దినపత్రికగా వచ్చింది కాబట్టి ఇక్కడి తెలుగు కుర్రాళ్ళ వార్తలు అందులో పడేవి. పోయిన తేదీ తర్వాత నెల రోజుల సంచికలు తిప్పండి. ఆయన చదివిన కాలేజీ మ్యాగజైన్లు కూడా చూడండి.

సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది?

నా లెక్క ఇది. ఒకదాన్ని చూసి ఒకటి రాయని రెండు కాగితాలు ఒకే మాట చెప్పాలి. గెజిట్, పతకం అంచు ఒకే నంబరు చెప్తే సరే. ఇద్దరు బంధువులు ఒకే మాట చెప్తే అది సాక్ష్యం కాదు, ఇద్దరూ ఒకే ముత్తవ్వ దగ్గర విన్నారు. వయసు లెక్కేయండి: కమిషన్ నాటికి పంతొమ్మిదికి తక్కువున్నా, ముప్పైకి బాగా ఎక్కువున్నా ఇంకోసారి చూడండి. యూనిట్ ఆ రోజు ఆ చోట ఉందా అన్నది కూడా చూడాలి.

మధ్యలో ఒకసారి అదే పేరు, అదే పొడి అక్షరాలున్న కెప్టెన్ దొరికితే ఇంటిల్లిపాదికీ స్వీట్లు పంచాను. ఒక రెజిమెంటు సావనీరులో ఆయన ఫొటో కూడా వేశారు. అమ్మమ్మ కళ్ళజోడు తుడుచుకుని ఒక్క నిమిషం చూసి, "వీడెవడురా? మావాడి చెవులు ఇలా ఉండవు" అంది. నంబరు పోల్చి చూశాను. చివరి రెండంకెలు కలవలేదు.

అంతా తేలాక వివరాలన్నీ ఒక పేజీలో టైపు చేసి, ప్రతి సంగతి పక్కనా అది ఏ కాగితంలో దొరికిందో రాసి ఇంట్లో నలుగురికి ఇవ్వండి. ఫొటో వెనక ఆయన పూర్తి పేరు, నంబరు, తేదీలు రాయండి. పెన్సిల్‌తోనే, మెల్లగా. పెన్నుతో రాస్తే ఇంకు ముందుకు దిగుతుంది.